మూసీ పుట్టింట్లో ఒక రాత్రి

ఊటీ వెళ్లాలంటే నాలుగు రోజుల సెలవు కావాలి. మనాలీ అంటే నెలల ముందే టిక్కెట్లు తీసుకోవాలి. అదే, శనివారం పొద్దున్నే బయల్దేరి ఆదివారం సాయంత్రానికల్లా ఇల్లు చేరిపోగల కొండ ఒకటుంటే? అక్కడ అడవిలో నడిచి, గుడారంలో పడుకుని, చుక్కలు లెక్కపెట్టుకునే వీలుంటే? పైగా నగరం మధ్యలోంచి పారే నది పుట్టేదీ ఆ కొండల్లోనే అయితే? హైదరాబాద్‌కు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్‌ పక్కనే ఉన్న అనంతగిరి సంగతే ఇదంతా.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు మూసీ గురించి తెలిసింది ఒక్కటే. బస్సు చాదర్‌ఘాట్‌ వంతెన ఎక్కగానే ముక్కు మూసుకోవాలి! అదొక నది అని చెబితే ‘నాలా కదా?’ అని ఎదురు ప్రశ్న వేస్తారు. వాళ్ల తప్పేం లేదు. నది అంటే ఎలా ఉంటుందో పాఠ్యపుస్తకంలో బొమ్మ చూశారు. వంతెన కింద కనిపించేదానికీ ఆ బొమ్మకూ ఎక్కడా పోలిక లేదు మరి.

అదే నది, గంటన్నర ప్రయాణం దూరంలో, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంటుంది. వానాకాలం చివర్లో వెళితే ఏడేళ్ల పిల్లాడు కూడా దాన్ని ఒక్క అంగలో దాటేస్తాడు. ఈ మాట నోటితో చెబితే పిల్లలు నమ్మరు. తీసుకెళ్లి చూపించాలి. అదీ కారు అద్దంలోంచి కాదు, నడిపించి!

పేరు కొత్తది, అలవాటు పాతదే

ట్రెక్కింగ్‌, క్యాంపింగ్‌ అనగానే అదేదో కుర్రకారు సరదా అనుకుంటారు చాలామంది. నిజానికి కొండలెక్కడం, అడవిలో వండుకు తినడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేసేది ఇంటిల్లిపాదీ. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు నల్లమల లోయలోకి దిగేవాళ్లలో నడుం వంగిన అవ్వలుంటారు, చంకలో బిడ్డలున్న తల్లులుంటారు. వాళ్లెవరికీ ఖరీదైన బూట్లుండవు. ముందు వెళ్లినవాళ్లు చూపిన దారి, మూటలో సద్ది... అంతే!

మధ్యలో ఎక్కడో ఆ అలవాటు తప్పింది. సెలవంటే దూరం వెళ్లడం అయింది. దూరం వెళితే చూడాల్సినవి ఎక్కువ, సమయం తక్కువ. ఫొటో తీసుకుని పరుగు. ఏడాదికోసారి వెళ్లే ఊరితో పిల్లలకు చుట్టరికం కుదరదు. దగ్గరి కొండ అలా కాదు. ఈ వారం కుదరకపోతే వచ్చే నెల. వానల్లో ఒకసారి, చలిలో ఒకసారి, మోదుగులు పూసినప్పుడు ఇంకోసారి. మూడోసారికి ఏ మలుపులో నీళ్లుంటాయో, ఏ చెట్టు మీద కోతుల గుంపు కాపు కాస్తుందో పిల్లలే చెబుతారు. అమ్మమ్మగారి ఊరు తెలిసినట్టు ఆ కొండ తెలిసిపోతుంది.

ఏ అనంతగిరి?

అనంతగిరి అనగానే అరకు దారిలోని కాఫీ తోటలు గుర్తొస్తే, అది వేరు. ఇది వికారాబాద్‌ జిల్లాలోని అనంతగిరి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. అనంతపద్మనాభస్వామి కొలువైన కొండ కాబట్టి ఆ పేరు. నిజాం కాలంలో క్షయ రోగుల కోసం ఆసుపత్రి కట్టడానికి ఈ కొండనే ఎంచుకున్నారు. అప్పట్లో ఆ జబ్బుకు మంచి గాలే పెద్ద మందు. ఆ లెక్కన ఇక్కడి గాలికి వైద్యులే కితాబిచ్చారన్నమాట.

చేరుకోవడం తేలిక. సికింద్రాబాద్‌ నుంచి వాడి వైపు వెళ్లే రైలు మార్గంలో వికారాబాద్‌ పెద్ద జంక్షన్‌. అక్కడ దిగితే కొండ ఆరు కిలోమీటర్ల లోపే, ఆటోలు దొరుకుతాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు రైలే హాయి. కిటికీ పక్కన కూర్చుంటే సగం సంబరం అక్కడే తీరిపోతుంది. కార్లో అయితే మొయినాబాద్‌, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వెళ్లాలి. చేవెళ్ల రోడ్డు పాతకాలపు మర్రిచెట్లకు ప్రసిద్ధి. రోడ్డు వెడల్పు చేయడం కోసం వాటిని తీసేయాలా, ఉంచాలా అన్న వివాదం ఏళ్లతరబడి హరిత ట్రైబ్యునల్‌లో నడిచింది. లారీలు, టిప్పర్లు ఎక్కువగా తిరిగే దారి ఇది. అందుకే పొద్దున్నే వెళ్లి, చీకటి పడకముందే తిరిగి రావడం మంచిది.

దారిలో పిల్లలకు ఒక పని అప్పజెప్పొచ్చు. హైదరాబాద్‌ చుట్టూ కనిపించేవి బూడిదరంగు గ్రానైట్‌ బండలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. చేవెళ్ల దాటి వెళ్తుంటే ఆ బండలు తగ్గిపోతాయి, నేల రంగు మారిపోతుంది. ఎక్కడ మారిందో కనిపెట్టినవాళ్లకు ఒక జామకాయ బహుమతి!

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

కొండ మీదకు చేరగానే కాళ్ల కింద కనిపించేది ఎర్రమట్టి. అక్కడక్కడా చిల్లులు చిల్లులుగా ఉన్న ఎర్రరాయి. దీన్ని లాటరైట్‌ అంటారు. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ పీఠభూమి మీద లావా పొరలు పొరలుగా పారింది. అది చల్లారి నల్లరాయి అయింది. ఆ నల్లరాయి పైభాగం ఎండకూ వానకూ యుగాల తరబడి నాని, మాగి, ఇలా ఎర్రరాయిగా మారింది.

మూసీ రహస్యమంతా ఈ రాయిలోనే ఉంది. కొండ మీద పడ్డ వాన ఈ చిల్లుల రాయిలోంచి మెల్లగా లోపలికి ఇంకుతుంది. కింద బంకమట్టి పొర తగలగానే ఇంకా దిగలేక పక్కకు జరుగుతుంది. జరిగి జరిగి కొండవాలులో ఎక్కడో చోట ఊటగా బయటపడుతుంది. అందుకే వానలు ఆగిపోయిన వారాల తర్వాత కూడా ఇక్కడ సన్నగా నీళ్లు పారుతుంటాయి. దగ్గర్లోనే బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. బుగ్గ అంటే నీటి ఊట అనే. ఊరివాళ్లు ఊట చూసే దేవుడికి పేరు పెట్టుకున్నారు.

పురాణం చెప్పే కథ వేరు. దేవతల తరఫున యుద్ధం చేసి అలసిపోయిన ముచుకుందుడు ఈ కొండ గుహలో నిద్రపోయాడట. కాలయవనుడు తరుముకొస్తుంటే శ్రీకృష్ణుడు అదే గుహలో దూరాడు. పడుకున్నది కృష్ణుడే అనుకుని కాలయవనుడు తన్నాడు. నిద్ర చెడిన ముచుకుందుడు కళ్లు తెరిచి చూసేసరికి వాడు బూడిదయ్యాడు. ఆ తర్వాత ముచుకుందుడు కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్లే నదిగా పారాయని స్థలపురాణం. ముచుకుందా నదే వాడుకలో మూసీ అయిందంటారు. రాత్రి గుడారం ముందు కూర్చుని తాతయ్యో నాయనమ్మో చెప్పాల్సిన కథ ఇది. తన్ను తిన్నవాడి కోపం దగ్గరికి రాగానే పిల్లలు దుప్పటి లాక్కుంటారు!

నడక

పిల్లలతో నడిచేటప్పుడు పెద్దల లెక్కలు పనికిరావు. గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మొత్తం నాలుగు కిలోమీటర్లు పెట్టుకుంటే మూడు గంటలు పడుతుంది. గొంగళిపురుగు కనిపిస్తే పది నిమిషాలు ఆగాలి. చీమల బారు కనిపిస్తే ఇంకో పది. ఆ ఆగడాలే అసలు విహారం. శిఖరం చేరామా లేదా అన్న పట్టింపు వద్దు.

గుడి నుంచి కిందికి దిగితే భవనాశి పుష్కరిణి. అక్కడి నుంచి చుట్టూ అడవే. చెట్ల పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లెవరైనా వెంట ఉంటే నడక రెట్టింపు రుచిగా ఉంటుంది. టేకు ఆకు నలిపితే అరచేయి ఎర్రబడుతుంది. తునికాకును బీడీలు చుట్టడానికి కోస్తారు. మోదుగ ఆకు విస్తరి అవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే మోదుగ నిప్పంటుకున్నట్టు పూస్తుంది. ఎండలు ముదిరాక రేల పసుపుపచ్చగా వేలాడుతుంది. దసరా, దీపావళి రోజుల్లో సీతాఫలాల కాలం. అడవి కాయ కోసుకోవడం కన్నా రోడ్డు పక్క గంపలో పెట్టుకుని అమ్మే అవ్వ దగ్గర కొంటే ఆమెకూ నాలుగు రూపాయలు, అడవికీ శాంతి.

దారి చూపడానికి ఊళ్లోవాళ్లను ఒకరిని తోడు తీసుకోవడం ఉత్తమం. వానాకాలంలో కాలిబాటలు గడ్డిలో కలిసిపోతాయి. లోయలో సెల్‌ఫోన్‌ సిగ్నల్‌ను నమ్ముకోవడానికి లేదు. పైగా ఆ మనిషికి తెలిసిన కబుర్లు ఏ బోర్డు మీదా రాసి ఉండవు. ఏ బావిలో నీళ్లు ఎప్పుడు ఎండాయి, నెమళ్లు ఏ వేళకు ఎటు దిగుతాయి, ఏ చెట్టుకు తేనెపట్టు ఉంది... అన్నీ చెబుతారు.

ఇటు పడ్డ చుక్క, అటు పడ్డ చుక్క

ఈ కొండల్లో పిల్లలకు చెప్పి తీరాల్సిన వింత ఒకటుంది. అనంతగిరి నీళ్లన్నీ ఒకే వైపు వెళ్లవు. తూర్పు వాలున పడ్డ వాన మూసీలో కలుస్తుంది. పడమటి వాలున పడ్డది కాగ్నా నదిలోకి పోతుంది. రెండూ పుట్టింది ఈ కొండల్లోనే. తోబుట్టువులన్నమాట!

మూసీ హైదరాబాద్‌ మీదుగా, దాదాపు 240 కిలోమీటర్లు ప్రవహించి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాగ్నా తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్లి భీమా నదిలో కలుస్తుంది. భీమా వెళ్లి కృష్ణలో పడుతుంది. ఆ కృష్ణ జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్‌ దాటుకుని వాడపల్లికి వస్తుంది. ఒకే కొండ మీద అటొకటి, ఇటొకటి పడ్డ రెండు వాన చుక్కలు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ అక్కడ కలుసుకుంటాయి.

ఇంకో మలుపు కూడా ఉంది. హైదరాబాద్‌కు కృష్ణా తాగునీరు నాగార్జునసాగర్‌ జలాశయం నుంచే వస్తుంది. అంటే అలిగి పడమటికి వెళ్లిన చుక్క కూడా చుట్టూ తిరిగి నగరంలో ఎవరింటి కుళాయిలోంచో రావచ్చు. ఎత్తయిన చోట నిలబడి, రెండు చేతులు రెండు వైపులా చాచి ఈ సంగతి చెబితే పటం అక్కర్లేదు. భూగోళం పాఠం జన్మలో మరచిపోరు.

గుడారంలో రాత్రి

ముందుగా ఒక మాట. అడవి లోపల ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం కుదరదు. ఇది రిజర్వు అటవీ ప్రాంతం. అనుమతి లేకుండా లోపల మకాం పెట్టడం, నిప్పు రాజేయడం చట్టప్రకారం నేరం. కొండ మీద పర్యాటక శాఖ వారి హరిత అతిథిగృహం ఉంది. అడవి అంచున, పల్లెల పక్కన గుడారాలు వేసుకునే ఏర్పాటున్న ప్రైవేటు స్థలాలున్నాయి. వెళ్లేముందు ఫోన్‌ చేసి మరుగుదొడ్డి, మంచినీళ్లు, రాత్రి కాపలా ఉన్నాయో లేదో అడగాలి. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే సరైన పద్ధతి.

గుడారం వేయడం పిల్లల పనిగా వదిలేయాలి. వంకరగా వస్తుంది. రానీ! సాయంత్రం వెలుతురుండగానే మొదలుపెడితే రెండుసార్లు కూలినా మూడోసారికి నిలబడుతుంది. ఎత్తుగా, చదునుగా ఉన్న నేల చూసుకోవాలి. వాగు ఒడ్డున వద్దు. పైన ఎక్కడో వాన పడితే వాగు చెప్పి రాదు. ఎండుకొమ్మలున్న చెట్టు కింద, తేనెపట్టుకు దగ్గర్లో అసలే వద్దు. కింద టార్పాలిన్‌ పరిస్తే చెమ్మ ఎక్కదు.

తిండి విషయంలో హడావుడి అక్కర్లేదు. సర్వపిండి, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, పులిహోర... ఇంటి నుంచి తెచ్చుకున్నవి రాత్రికి చాలు. సకినాలు, వేయించిన పల్లీలు నడకలో నమలడానికి బాగుంటాయి. కుర్‌కురే పొట్లాలు ఇంట్లోనే వదిలేస్తే రెండు లాభాలు. అడవిలో చెత్త పడదు, కోతులు వెంటపడవు. అనంతగిరి కోతులకు ప్లాస్టిక్‌ సంచి చప్పుడు వినిపిస్తే చాలు, పండగే! చేతిలో తినుబండారాలు పట్టుకుని నడవకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. వాటికి పెట్టనూ కూడదు.

తిన్నాక దీపాలన్నీ ఆర్పేయాలి. పది నిమిషాలు ఏమీ కనిపించదు. ఆ తర్వాత కళ్లు చీకటికి అలవాటు పడతాయి. ఒక్కో చుక్క, ఒక్కో చుక్క... చూస్తుండగానే ఆకాశం నిండిపోతుంది. డిసెంబరు రాత్రయితే తూర్పున కృత్తికలు గుంపుగా మెరుస్తుంటాయి. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. కోడి చుట్టూ పిల్లలు చేరినట్టే ఉంటాయి మరి. తొమ్మిదింటికల్లా మూడు చుక్కలు వరసగా ఉన్న వేటగాడు పైకి వస్తాడు. నగరంలో పది చుక్కలు కూడా సరిగా చూడని పిల్లలు ‘ఇవన్నీ ఇంతకుముందు ఎక్కడున్నాయి?’ అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఒక్కటే. ఇంటి పైన కూడా ఉన్నాయి, దీపాల వెలుగులో కనిపించడం లేదంతే.

అర్ధరాత్రి ఏదో చప్పుడవుతుంది. ఎండుటాకుల మీద ఉడతో, ఎలుకో. పిల్లలు అమ్మ పక్కకు జరుగుతారు. పెద్దవాళ్లకూ గుండె ఝల్లుమంటుంది గానీ పైకి చెప్పరు. తెల్లవారి దాని గురించి అందరూ కలిసి నవ్వుకోవడంలో ఉన్న ఆనందం ఏ హోటల్‌ గదిలోనూ దొరకదు.

భయం వద్దు, జాగ్రత్త కావాలి

అడవిలో పాములుంటాయి. వాటి ఇల్లు కాబట్టి ఉంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... ఈ నాలుగే తెలుగునాట ఎక్కువ ప్రాణాలు తీసేవి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. అందుకే గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి. రాత్రి బయటికి వెళ్లాలంటే బూట్లు దులిపి వేసుకోవాలి, టార్చిలైటు వెలుగు ముందు పడాలి, అడుగు తర్వాత పడాలి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టకూడదు.

పొరపాటున కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం... సినిమాల్లో చూసినవేవీ చేయకూడదు. మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టి, ఉంగరాలు, గాజులు తీసేసి, 108కి ఫోన్‌ చేయాలి. అది ఆలస్యమైతే దొరికిన వాహనంలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వికారాబాద్‌లో ప్రభుత్వాసుపత్రి ఉంది. విరుగుడు ఇంజెక్షన్‌ తప్ప వేరే మందు లేదు. పసరు వైద్యం పేరుతో పోయే ప్రతి నిమిషమూ ప్రాణం మీదికి వస్తుంది.

పాముల కన్నా ఎక్కువ భయపడాల్సింది నీళ్లకు. వారాంతపు విహారాల్లో జరిగే విషాదాల్లో చాలావాటికి కారణం తెలియని నీళ్లలో దిగడమే. చెరువైనా, క్వారీ గుంతైనా, వాగు మడుగైనా... లోతు తెలియనప్పుడు మోకాలి దాకా కూడా దిగకూడదు. సెల్ఫీల కోసం నాచు పట్టిన రాళ్లెక్కడం అసలే వద్దు. అనంతగిరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కోట్‌పల్లి జలాశయంలో పడవ ఎక్కే సరదా ఉంది. ఈత వచ్చినవాళ్లయినా సరే, లైఫ్‌ జాకెట్‌ లేకుండా పడవ ఎక్కకూడదు.

ఆదివారం... నదితో పాటు కిందికి

పొద్దున్నే నెమళ్ల కూతకు మెలకువ వస్తుంది. టీ తాగి, గుడారం మడిచి, కాసేపు నడిచి, ఎండెక్కే వేళకు బయల్దేరితే తిరుగు ప్రయాణాన్ని కూడా విహారంగా మార్చుకోవచ్చు. నది వెళ్లే వైపే ఇంటి దారి కూడా. మూసీ వెళ్లి గండిపేట చెరువులో నిండుతుంది. ఆ పక్కనే ఈసీ నది హిమాయత్‌సాగర్‌లో నిండుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా ఏంచేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఊరికి ఎగువనే పట్టి ఆపాలన్న ఆలోచన ఫలితమే ఈ జలాశయాలు. ఉస్మాన్‌సాగర్‌... అదే గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్‌ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరానికి దాహం కూడా తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్‌ వదిలి వెళ్లరన్న నానుడి అప్పుడు పుట్టిందే.

ఇప్పుడు నగరానికి ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి, మంజీరల నుంచి వస్తున్నాయి. రెండు చెరువుల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 84 గ్రామాలకు వర్తించేలా 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. గండిపేట గట్టు మీద నిలబడి పడమటికి చూస్తే, పొద్దున వదిలి వచ్చిన కొండ ఎటుందో పిల్లలకు తెలుసు. తూర్పుకు తిరిగితే నగరం. మధ్యలో నీళ్లు. ఇంకాస్త కిందికి వస్తే లంగర్‌హౌస్‌ దగ్గర బాపూఘాట్‌. మూసీ, ఈసీ కలిసేది అక్కడే. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని కలిపింది కూడా ఆ సంగమంలోనే.

అక్కడి నుంచి నది నలుపెక్కుతుంది. కారణం చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కొండ మీద అంగలో దాటిన వాగును చూసి వచ్చిన పిల్లలకు తేడా కళ్ల ముందే ఉంటుంది. అది నాలాగా పుట్టలేదు. దాన్ని నాలాగా చేశారు.

పుట్టింటి అడవి

కొండ మీద కథ కూడా ముగిసిపోలేదు. అడవి ఉంటేనే వాన నిదానంగా ఇంకుతుంది. చెట్లు పోయి, మట్టి కొట్టుకుపోతే పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. వానల్లో వరద, వేసవిలో రాళ్లు మిగులుతాయి. అందుకే అనంతగిరి చుట్టుపక్కల అడవికి ఏం జరిగినా దిగువన ఉన్నవాళ్లు పట్టించుకోవాల్సి వస్తుంది. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళం రాడార్‌ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సముద్రంలో ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రం అది. తమిళనాడులోని కేంద్రం తర్వాత దేశంలో ఇది రెండోది. చెట్లు పోతాయని, మూసీ పుట్టుకకు ముప్పని పర్యావరణ కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. దేశ రక్షణకు అవసరమని, పర్యావరణానికి హాని లేకుండా చూస్తామని ప్రభుత్వం చెప్పింది. ఎవరి మాటలో ఎంత నిజముందో తేల్చుకోవాలంటే, అడవంటే ఏమిటో తెలిసి ఉండాలి కదా! కాళ్లతో నడిచి చూసిన పిల్లలు రేపు పెద్దవాళ్లయ్యాక ఆ చర్చలో ఊరికే తలూపరు. దామగుండం వైపు వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఏ దారులు తెరిచి ఉన్నాయో ఊళ్లో అడిగి కదలడం మంచిది.

అడవికి పెద్దల వల్ల కలిగే ముప్పు ఒకటైతే, వారాంతపు విహారుల వల్ల కలిగేది ఇంకొకటి. నీళ్ల సీసాలు, చిప్స్‌ పొట్లాలు, పగిలిన గాజు... వానకు కొట్టుకుపోయి చేరేది ఎక్కడికో ఇప్పుడు తెలుసు. తూర్పు వాలున పడేసిన సీసా గండిపేట దారి పడుతుంది! వేసవిలో ఆర్పకుండా వదిలేసిన సిగరెట్టు ముక్క చాలు, ఎండుటాకుల్లో నిప్పు పరుగెడుతుంది. లౌడ్‌స్పీకర్లు పెట్టి గంతులేయడానికి నగరంలో బోలెడు చోట్లున్నాయి. అడవిలో వినాల్సిన పాటలు వేరే ఉన్నాయి.

సంచి సర్దేటప్పుడు...

మనిషికి రోజుకు రెండు, మూడు లీటర్ల నీళ్లు. స్టీలు సీసాలైతే మేలు. వేళ్లను పూర్తిగా కప్పే బూట్లు, అదనంగా ఒక జత మేజోళ్లు, పొడవు చేతుల చొక్కాలు. పలచని దుప్పట్లు రెండు. నవంబరు నుంచి జనవరి దాకా అయితే స్వెట్టర్లు తప్పనిసరి. టార్చిలైటు తలా ఒకటి. ఓఆర్‌ఎస్‌ పొట్లాలు, బ్యాండేజీ, దోమల మందు, రోజూ వేసుకునే మాత్రలు. ఒక ఈల పిల్లల మెడలో వేలాడదీయాలి. దారి తప్పితే నడవకుండా అక్కడే నిలబడి మూడుసార్లు ఊదాలని నేర్పాలి. పిల్లల సంచి బరువు వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదు. అందులో వాళ్ల నీళ్లు, వాళ్ల టోపీ, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

వానలు వెలిసిన సెప్టెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా గుడారానికి మంచి కాలం. జులై, ఆగస్టుల్లో పచ్చదనం కన్నుల పండగే గానీ రాళ్లు జారతాయి. అప్పుడు పగటి నడకతో సరిపెట్టుకోవడం మేలు. ఏప్రిల్‌, మే నెలల్లో వెళితే ఊటలు సన్నబడి, వాగులు ఎండి కనిపిస్తాయి. అదీ ఒకసారి చూడాల్సిందే. నీళ్లు ఉన్న చోటునే, లేనప్పుడు కూడా చూసినవాళ్లకే కుళాయి కట్టేయాలని ఎవరూ చెప్పక్కర్లేకుండా గుర్తొస్తుంది.

ఇక ఆఖరి సంచి ఖాళీది. అందులో నింపాల్సింది తిరిగొచ్చేటప్పుడు పోగయిన చెత్త. తమదే కాదు, దారిలో కనిపించిన నాలుగు ఇతరులవి కూడా. కొండ మీదకు తెచ్చిన ప్రతిదీ మళ్లీ ఇంటికి మోసుకెళ్లాలి. నీళ్లను మాత్రం ఎవరూ మోయక్కర్లేదు. అవి అప్పటికే నగరం దారి పట్టి ఉంటాయి.